బ్యాండ్ మేళం బుక్ చేసేవాడే పూచీ పడాలి

సంపాదకులకు నమస్కారం.

శ్రావణ ముహూర్తాల కోసం పంచాంగాలు తిరగేసే రోజులివి. ఫంక్షన్ హాళ్ల దగ్గరా, వాట్సాప్ గ్రూపుల్లోనూ "బ్యాండ్ మేళం, డప్పులు, సన్నాయి బుక్ చేసి పెడతాం" అంటూ కొత్త కుర్రాళ్లు కనిపిస్తున్నారు. రావాల్సిందే. వాయించడంలో చేయి తిరిగిన, మేళాన్ని నడిపే మాస్టర్లలో చాలామందికి బేరం మాట్లాడటం రాదు. సొంత ఊరు దాటితే వాళ్ల పేరు ఎవరికీ తెలియదు. మధ్యలో నిలబడి పని కుదిర్చే మనిషి అవసరం నిజంగా ఉంది. అయితే ఆ మనిషి చేయాల్సింది ఏమిటో తెలియక పలువురు ఒక్క సీజన్‌కే మానేస్తున్నారు, పోతూ పోతూ మేళగాళ్లకు బాకీలు మిగిల్చి పోతున్నారు. ఈ పని మొదలుపెట్టాలనుకునేవారికి పనికొస్తుందని ఈ ఉత్తరం రాస్తున్నాం.

బుక్ చేసేవాడు మూడింటికి పూచీ పడాలి. ఒప్పుకున్న తేదీకి మేళం రావాలి. చెప్పినంతమంది రావాలి. మాట్లాడుకున్న డబ్బు మేళానికి అందాలి. ఈ మూడింట్లో ఏది తప్పినా పెళ్లివారి ఎదుట, మాస్టరు ఎదుట జవాబు చెప్పేది తానేనని ముందే ఒప్పుకోవాలి. అందుకు సిద్ధంగా లేనివాళ్లు ఇందులోకి దిగకపోతేనే మేలు.

ముందు డబ్బు లెక్క చూద్దాం, ఎందుకంటే మిగతా తప్పులన్నీ ఇక్కడే పుడతాయి. ఉదాహరణకు పదిహేనుమంది మేళానికి 36,000 రూపాయల బేరం అనుకుందాం. వ్యానుకు 4,500, యూనిఫాం ఉతుకులకు, ఇస్త్రీకి 1,000, మైకు ట్రాలీకి 2,500. ప్రధాన ట్రంపెట్, ప్రధాన క్లారినెట్, పాట పాడే సింగరు, ఈ ముగ్గురికీ తలా 2,000 చొప్పున 6,000. మిగతా పన్నెండుమందికి 1,200 చొప్పున 14,400. మొత్తం 28,400. బుకింగ్ చేసినవాడు పది శాతం, అంటే 3,600 తీసుకుంటే మాస్టరుకు 4,000 మిగులుతుంది. ఇందులోనే వాద్యాల మరమ్మతులు, కొత్త తోళ్లు, షాపు అద్దె వెళ్లాలి.

ఇప్పుడు అదే బేరంలో మధ్యవర్తి చెప్పకుండా 12,000 మింగాడనుకోండి. మాస్టరు చేతికి 24,000 వస్తుంది. వ్యాను, ఉతుకు, ట్రాలీ ఖర్చుల్లో ఒక్క రూపాయి తగ్గదు. ముఖ్యమైన ముగ్గురినీ వదులుకోలేడు. మిగిలిన పదివేలతో ఎనిమిదిమందినే తేగలడు. పదిహేనుమంది అని చెప్పిన మేళం పదకొండుమందితో దిగుతుంది, మాస్టరుకు 400 మిగులుతుంది. పెళ్లివారు తలలు లెక్కపెట్టి మాస్టరును తిడతారు. మనుషుల లెక్క తప్పిన చోటల్లా వెతికితే ఎక్కువసార్లు బయటపడేది ఇలా దాచిన కమీషనే. అందుకే కమీషన్ ఎంతో ఒప్పంద పత్రంలోనే రాయాలి, పెళ్లివారూ మాస్టరూ ఇద్దరూ చూడాలి. పది శాతం చాలదనిపిస్తే పన్నెండో పదిహేనో తీసుకోండి, చెప్పి తీసుకోండి. బరాత్‌లో దిష్టి తీసి ఇచ్చే నోట్లు మాత్రం పూర్తిగా మేళగాళ్లవి, వాటిలో వాటా అడగకూడదు.

తేదీ తప్పడానికి కారణం కూడా డబ్బే. మేళంలో శాశ్వతంగా ఉండేది నలుగురైదుగురు. మిగతావాళ్లను మాస్టరు తేదీ తేదీకీ చుట్టుపక్కల ఊళ్ల నుంచి పిలుచుకుంటాడు. పిలిచినప్పుడు చేతిలో అడ్వాన్సు పెట్టాలి. బుకింగ్ చేసినవాడు పెళ్లివారి దగ్గర అడ్వాన్సు తీసుకుని తన ఖాతాలోనే ఉంచుకుంటే, మాస్టరు ఆ మనుషులకు ఇవ్వలేడు. అదే రోజుకు ఇంకో మేళం 300 ముందు ఇస్తే వాళ్లు అటే వెళ్తారు, వాళ్లను తప్పు పట్టడానికి లేదు. పెద్ద ముహూర్తం రోజున సైడ్ డ్రమ్ము వాయించేవాడు దొరక్క మేళం ఆలస్యమవడం వెనుక ఉండేది ఇదే. బుకింగ్ ఖాయమైన రోజే, వచ్చిన అడ్వాన్సు మాస్టరుకు యూపీఐలో వెళ్లిపోవాలి. కమీషన్‌ను చివరి విడతలో తీసుకోవచ్చు.

విడతలు ఇలా ఉంటే చిక్కులు తక్కువ: ఖాయం చేసినప్పుడు 30 శాతం, ఆ రోజు మొదటి పాట మొదలవకముందు 60 శాతం, అయిపోయాక 10 శాతం. మొత్తం చివర్లో ఇస్తామంటే ఒప్పుకోవద్దు. ఊరేగింపు మండపం చేరాక డబ్బిచ్చే పెద్దమనిషి పీటల దగ్గర కూర్చుంటాడు, మేళం వ్యానులో ఎదురుచూస్తుంటుంది, రాత్రి పన్నెండింటికి ఎవరూ ఫోను ఎత్తరు. డబ్బిచ్చే మనిషి పేరు, ఫోను నంబరు ఒప్పందంలో ఒక్కటే ఉండాలి. మగపెళ్లివారు సగం, ఆడపెళ్లివారు సగం అనుకుంటే ఇద్దరి పేర్లతో రెండు కాగితాలు రాయించుకోవాలి.

వాయిదాల సంగతి ముందే మాట్లాడుకోవడం మొహమాటంగా ఉంటుంది గానీ తప్పదు. ఇంట్లో మైల వచ్చి పెళ్లి ఆగితే, పదిహేను రోజుల ముందు తెలిసిన పక్షంలో అదే అడ్వాన్సును ఏడాదిలోపు మరో తేదీకి మార్చవచ్చు. వారంలోపు తెలిస్తే అడ్వాన్సు మేళానిదే, ఎందుకంటే ముహూర్తం ఉన్న రోజును అంత దగ్గర్లో ఇంకొకరికి అమ్ముకోలేరు. మేళం వైపు నుంచి తప్పితే అడ్వాన్సు మొత్తం వాపసు ఇచ్చి, బదులు మేళాన్ని తెచ్చే బాధ్యత బుకింగ్ చేసినవాడిది. అందుకే పెద్ద ముహూర్తాలకు, చేతిలో నాలుగు మేళాలుంటే మూడే అమ్మాలి. నాలుగోదాన్ని చివరి మూడు రోజుల వరకు అట్టిపెట్టాలి. ఆదాయం పోతుందని అనిపించినా, ఒక్క పెళ్లిలో మేళం రాకపోతే పోయే పేరు అంతకంటే ఎక్కువ.

తేదీల పుస్తకం ఒక్కటే ఉండాలి. ఉగాదికి కొత్త పంచాంగం రాగానే ఏడాది ముహూర్తాలన్నీ అందులో ఎక్కించండి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, గురు మూఢమి, శుక్ర మూఢమి రోజులను వేరే రంగుతో కొట్టేయండి. ప్రతి తేదీకీ పొద్దున, సాయంత్రం అని రెండు గడులు పెట్టండి. ఒకే మేళానికి రెండు గడులూ ఇవ్వాలంటే మధ్యలో ప్రయాణానికి, భోజనానికి, విశ్రాంతికి కనీసం నాలుగు గంటలుండాలి. "ఇంట్లో మాట్లాడి చెబుతాం" అన్నవారికి 48 గంటలు గడువిచ్చి పెన్సిలుతో రాయండి, గడువు దాటితే చెరిపేయండి. మాస్టర్లకు ఫోనులో క్యాలెండరు పంపితే సరిపోదు. తేదీ, ఊరు, సమయం, మనుషుల సంఖ్య వాయిస్ మెసేజీగా పంపి, మాస్టరు నోటితో అదే తిరిగి చెప్పించుకోవాలి. ఒకే రోజు రెండు చోట్ల ఒప్పుకోవడం చాలావరకు ఇక్కడే ఆగిపోతుంది.

మొదట్లో నాలుగైదు మేళాలు, అరవై కిలోమీటర్ల పరిధి చాలు. మేళాన్ని తీసుకునే ముందు షాపులో సాధన వింటే లాభం లేదు, నిజమైన ఊరేగింపులో వినాలి, అదీ చివరి అరగంటలో. ఊదే వాద్యాల వాళ్లకు రెండు గంటలు ఆపకుండా ఊదితే పెదవులు అలిసి శ్రుతి జారుతుంది. నలభై అయిదు నిమిషాలకోసారి పది నిమిషాలు డ్రమ్ములకు వదిలేసి విశ్రాంతి ఇచ్చే మాస్టరు మేళం చివరిదాకా నిలబడుతుంది. బ్యాగులో క్లారినెట్‌కు అదనపు రీడ్లు, ట్రంపెట్‌కు వాల్వు నూనె, డ్రమ్ముకు ఒక తోలు, కర్రలు, వైర్‌లెస్ మైకుకు కొత్త సెల్లులు ఉన్నాయో లేదో చూడండి.

మైకు ట్రాలీ గురించి కాస్త వివరంగా చెప్పాలి. కీబోర్డు, మిక్సరు, ఆంప్లిఫయరు కలిపి 400 వాట్లు లాగుతాయనుకుంటే, 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ సగం ఖాళీ అయ్యేసరికి సుమారు రెండు గంటలు నడుస్తుంది. దాన్ని అంతకంటే లోతుగా ఖాళీ చేస్తే బ్యాటరీ త్వరగా పాడవుతుంది. అదే బ్యాటరీకి రంగుల దీపాలు కూడా తగిలించడం వల్లే ఊరేగింపు సగంలో సింగరు గొంతు తెగిపోతుంది. దీపాలకు వేరే బ్యాటరీ పెట్టండి. ట్రాలీ మీద ఇనుప ఫ్రేము ఎత్తుగా కట్టనివ్వకండి, సందుల్లో కిందికి వేలాడే కరెంటు తీగలకు తగిలితే ప్రాణాలే పోతాయి.

పెళ్లివారు సరదాపడి సన్నాయినీ బ్యాండునూ కలిపి వాయించమంటారు. ఒప్పుకునే ముందు శ్రుతి చూడాలి. ట్రంపెట్, క్లారినెట్లు సాధారణంగా బి ఫ్లాట్ వాద్యాలు, మన లెక్కలో ఆరున్నర శ్రుతి. బారి నాదస్వరం, అంటే పొడవైన రకం సన్నాయి, రెండు, రెండున్నర శ్రుతుల దగ్గర ఉంటుంది. కీబోర్డును ఒక్క మీటతో మార్చవచ్చు, నాదస్వరాన్ని అలా మార్చలేం. ట్రంపెట్ వాయించేవాడు ఆ శ్రుతికి తగ్గ వేరే వేళ్లతో ముందే సాధన చేయాలి. ఒక్కరోజు ముందు అడిగితే ఇద్దరినీ వంతులవారీగా వాయించమనడమే మర్యాద.

డప్పుల బృందాలకు ఇంకో చిక్కు ఉంది. తోలు డప్పును సెగ చూపించి బిగించాలి. వానాకాలంలో అరగంటకే తోలు వదులవుతుంది. ఫంక్షన్ హాలు ఆవరణలో మంట వేయనివ్వరు కాబట్టి, గేటు బయట ఎక్కడ వేసుకోవాలో ముందే హాలు మేనేజరుతో మాట్లాడి ఒప్పందంలో రాయండి. ఫైబర్ డప్పుకు సెగ అక్కర్లేదు గానీ ఆ నాదంలో బరువు ఉండదు. వినేవాళ్లకు తేడా తెలుస్తుంది.

చట్టం విషయానికొస్తే, 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకులు వాడకూడదు. 2010 సవరణతో వాద్యాలు కూడా ఇందులోకి వచ్చాయి, కాబట్టి మైకు లేని మేళమైనా పదింటికి ఆగాల్సిందే. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్ల నిశ్శబ్ద ప్రాంతంలో వాయించడమే నేరం, డప్పు కొట్టడం కూడా. ఊరేగింపు దారిని ముందురోజు నడిచి చూసి, ఎక్కడ ఆపి నిశ్శబ్దంగా నడవాలో మాస్టరుకు చెప్పాలి. మన ముహూర్తాలు ఎక్కువగా రాత్రిపూట, తెల్లవారుజామున ఉంటాయి. అందుకే ఊరేగింపు 7 నుంచి 9.30 వరకు అని రాసి, పెళ్లికొడుకు తయారవడం ఆలస్యమైనా సమయం 7 నుంచే లెక్క అని స్పష్టం చేయాలి. ఊరేగింపుకు, మైకుకు పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వక అనుమతి పెళ్లివారే తీసుకోవాలి. దాని ఫొటో మాస్టరు ఫోనులో ఉండాలి, ఎందుకంటే దారిలో పోలీసులు ఆపి అడిగేది ముందుగా మేళాన్నే.

2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. డీజే మోతకు విసిగిన కుటుంబాలు మళ్లీ మనుషులు వాయించే మేళం వైపు చూస్తున్న సమయమిది. ఈ అవకాశాన్ని ట్రాలీ మీద ఇంకా పెద్ద స్పీకర్లు పెట్టి పాడు చేసుకోవద్దని మనవి.

కాపీరైటు గురించి భయపెట్టేవాళ్లు ఎక్కువ. సినిమా పాటలు పెళ్లిలో, పెళ్లి ఊరేగింపులో, దానికి సంబంధించిన వేడుకల్లో వాయించడానికి లైసెన్సు అక్కర్లేదు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లోనే ఆ మినహాయింపు ఉంది. కేంద్ర పరిశ్రమల ప్రోత్సాహక, అంతర్గత వాణిజ్య విభాగం 2023 జూలైలో దీన్ని బహిరంగ ప్రకటనతో మళ్లీ చెప్పింది. ఆ ప్రకటన కాపీ ఒకటి దగ్గర పెట్టుకోండి. అయితే హోటల్లో నూతన సంవత్సర వేడుక, కంపెనీ విందు, కేఫ్‌లో గిటారు బృందం కచేరీ లాంటివాటికి ఈ మినహాయింపు వర్తించదు. అక్కడ సినిమా పాటలు వాయిస్తే ఐపీఆర్‌ఎస్ (పాటల హక్కుదారుల తరఫున రుసుము వసూలు చేసే సంఘం) లైసెన్సు కావాలి. అది నిర్వాహకుడే తీసుకోవాలని ఒప్పందంలో రాసుకోండి.

ప్రచారానికి డబ్బు తగలేయనక్కర్లేదు. పెళ్లి తేదీ అందరికంటే ముందు తెలిసేది పురోహితుడికి, ఆ తర్వాత ఫంక్షన్ హాలు మేనేజరుకు, శుభలేఖలు అచ్చేసే షాపుకు. ఈ ముగ్గురినీ కలిసి మాట్లాడితే, సామాజిక మాధ్యమాల ప్రకటనల కంటే ఎక్కువ పని దొరుకుతుంది. హాలు వాళ్లు వాటా అడిగితే అదీ ఒప్పందంలో కనిపించాలి. వీడియో విషయంలో ఒక్కటే నియమం: అసలు శబ్దం. సినిమా పాట ఆడియో పైన అతికించిన వీడియో చూసి బుక్ చేసినవాళ్లు మేళం విన్నాక గొడవ పెడతారు. పెద్ద డ్రమ్ముకు దగ్గరగా ఫోను పెడితే శబ్దం పగిలిపోతుంది, ఐదారు మీటర్ల దూరం నుంచి, పక్కగా నిలబడి, కోత లేకుండా 60 నుంచి 90 సెకన్లు తీయండి. ఎంతమంది వాయిస్తున్నారో, మాస్టరు పేరేమిటో వీడియో మీద రాయండి. నాట్యం చేస్తున్న ఆడపిల్లలు, చిన్నపిల్లలు కనిపిస్తే ఆ కుటుంబాన్ని అడగకుండా పెట్టకూడదు. సినిమా బాణీలు వాయించిన వీడియోలపై యూట్యూబ్‌లో హక్కుదారులు క్లెయిమ్ వేస్తారు, ప్రకటనల ఆదాయం వాళ్లకు పోతుంది. దానికి బాధపడనక్కర్లేదు, మనకు కావాల్సింది బుకింగులు.

రిజిస్ట్రేషన్ పెద్ద పనేం కాదు. సొంత పేరు మీద ఉద్యమ్ నమోదు (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) ఉచితం, బ్యాంకులో కరెంటు ఖాతా ఒకటి చాలు. జీఎస్టీ దగ్గర మాత్రం జాగ్రత్త. సేవలకు ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితే నమోదు తప్పనిసరి. మొత్తం బేరానికి మీ పేరు మీద బిల్లు ఇస్తే మొత్తం మీ టర్నోవరే: 36,000 చొప్పున అరవై పెళ్లిళ్లయితే 21.6 లక్షలు, గీత దాటేశారు. మేళం తన బిల్లు తాను ఇచ్చి, మీరు కమీషన్‌కు మాత్రమే బిల్లు ఇస్తే అదే అరవై పెళ్లిళ్లకు 2.16 లక్షలు. మొదటి బిల్లు రాయకముందే ఆడిటరు దగ్గర కూర్చుని ఇది తేల్చుకోండి. జానపద, శాస్త్రీయ కళాకారుల ప్రదర్శనకు పారితోషికం లక్షన్నర దాటనంత వరకు జీఎస్టీ మినహాయింపు ఉంది. డప్పు, సన్నాయి బృందాలకు ఇది తెలియజేయండి.

మనసులో ఎక్కువగా ఉన్న విషయం ఇంకొకటి. డప్పు వాయించేవారిలో ఎక్కువమంది మాదిగలు, సన్నాయి, డోలు వాయించేవారిలో ఎక్కువమంది నాయీ బ్రాహ్మణులు. వీరిని గేటు బయట కూర్చోబెట్టి, అందరూ తిన్నాక మిగిలింది పెట్టే అలవాటు ఇంకా చాలాచోట్ల పోలేదు. బుకింగ్ చేసేవాడు దీన్ని తన పనిలో భాగంగా మార్చగలడు. బట్టలు మార్చుకోవడానికి గది, తాగునీరు, అతిథులతోపాటు అదే పంక్తిలో భోజనం, ఈ మూడూ ఒప్పందంలో డబ్బు కంటే ముందు రాయండి. చదివి సంతకం పెట్టినవాళ్లలో చాలామంది మాట నిలబెట్టుకుంటారు. ఒప్పుకోని ఇంటి బుకింగ్ వదులుకోండి. అలాగే మేళాన్ని సరుకు రవాణా బండిలో ఎక్కించవద్దు, ప్రమాదం జరిగితే బీమా రాదు. అందుకే లెక్కలో ముందుగా వ్యాను ఖర్చు పెట్టాం.

ఇక ముహూర్తాలు లేని, తక్కువగా ఉండే నెలలు. హైదరాబాద్ చుట్టుపక్కల ఆషాఢంలో పెళ్లిళ్లు లేకపోయినా బోనాలుంటాయి, భాద్రపదంలో నిమజ్జనాలు, ఆశ్వయుజంలో దసరా. కోస్తా మేళాలను ఆ రోజులకు హైదరాబాద్ పంపితే ప్రయాణం, బస కలిపి లెక్క సరిపోతుందో లేదో ముందే చూసుకోవాలి. ఒక్క రోజు పనికి పంపితే నష్టం, వరుసగా మూడు రోజులుంటేనే గిట్టుతుంది. రాజకీయ ర్యాలీలకు మొత్తం ముందే తీసుకోకుండా వెళ్లవద్దు.

చివరగా కల్యాణ మండపాల యజమానులకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. హాలు బుకింగ్ రసీదు మీదే ఊరేగింపు మేళం రాత్రి 10 గంటలకు ఆపాలని, మేళగాళ్లు బట్టలు మార్చుకునే గది ఫలానా చోట ఉందని రెండు వాక్యాలు అచ్చు వేయించండి. రసీదు మీద ఉంటే ఆ సంగతి పెళ్లివారికి నెలల ముందే తెలుస్తుంది, అర్ధరాత్రి గేటు దగ్గర మాస్టరుతో వాదన ఉండదు.

ఇట్లు,
బ్యాండ్ మేళాల బుకింగ్ పనిలో ఉన్న కొందరం,
విజయవాడ